చిన్న ఆపరేషనేగా అన్నారు అందరూ

ఆపరేషన్ అయిన మర్నాడు మా అమ్మ చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పిన మాట ఏంటంటే "పిల్లకి గుండె మీద గడ్డ లేస్తే తీసేశారు" అని. ఆ దెబ్బకి తెనాలి నుంచి మా పెద్ద మామయ్య కంగారుగా ఫోన్ చేసి స్టెంట్ ఎన్ని వేశారు, ఎవరు వేశారు, ఇంకో గుండె డాక్టర్ నంబర్ ఉంది రాసుకో అని ఒకటే హడావిడి. నేనేమో మంచం మీద పడుకుని నవ్వలేక చస్తున్నా, ఎందుకంటే నవ్వితే కుట్లు లాగుతున్నాయి.

తప్పు అమ్మది కాదులెండి. మన ఇళ్ళల్లో ఆ భాగానికి పేరే లేదు. గుండె అంటాం, ఛాతీ అంటాం, లేదా "ఇక్కడ" అని చెయ్యి పెట్టి చూపిస్తాం, నాలుగు ముక్కలు చదువుకున్నవాళ్ళం బ్రెస్ట్ అంటాం, అదీ గొంతు తగ్గించి. రొమ్ము అనే మాట ఆస్పత్రి గోడ మీద పోస్టర్‌లో తప్ప బయట ఎక్కడా వినపడదు. నేను మాత్రం ఇందులో రొమ్ము అనే రాస్తాను, ఎన్నిసార్లు రాయాల్సి వస్తే అన్నిసార్లు.

నాకు 34. విజయవాడలో ఒక ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్తాను, ఐదేళ్ళ పిల్లాడున్నాడు. 2021లో తలంటుకుంటుంటే కుడి రొమ్ములో పైన చంక వైపుకి గోళీ లాంటిది తగిలింది. వేలితో నొక్కితే పక్కకి జారిపోయేది, మళ్ళీ వెతికితే దొరికేది. నొప్పి లేదు. స్కానింగ్‌లో 1.4 సెంటీమీటర్లు అన్నారు, రిపోర్ట్ కింద బైరాడ్స్ 3 అని ఉంది. అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండుకి మించి లేదు, ఊరికే కెలక్కుండా ఆరు నెలలకోసారి స్కాన్ చేసి చూస్తే సరిపోతుంది అని దాని అర్థం. ఫైబ్రోఎడినోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ, అయ్యుంటుంది, పదిహేను నుంచి ముప్పై ఐదు ఏళ్ళ లోపు ఆడపిల్లల్లో ఇది మామూలే, చాలామందికి తియ్యక్కర్లేదు కూడా అన్నారు డాక్టర్ గారు. నేను ఎంత బుద్ధిమంతురాలినంటే మొదటి ఆరు నెలలకి వెళ్ళాను, తర్వాత రెండుసార్లు ఎగ్గొట్టాను, ఒకసారి పరీక్ష పేపర్లు దిద్దాలని ఒకసారి మా ఆడపడుచు పెళ్ళని, ఆ తర్వాత అసలు మర్చిపోయాను. చివరికి పోయినేడాది వెళ్తే 3.2 సెంటీమీటర్లు అయింది.

అప్పుడు కోర్ బయాప్సీ చేశారు, అంటే లావు సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపడం. మత్తు సూది ఇచ్చాక ఏం తెలీదు కానీ ఆ సౌండ్ ఉంది చూశారూ, స్టాప్లర్ కొట్టినట్టు టక్కుమంటుంది, సౌండ్‌కే ఉలిక్కిపడ్డాను. రిజల్ట్ ఫైబ్రోఎడినోమానే వచ్చింది. మరి ఎందుకు తియ్యడం అంటే, మూడు సెంటీమీటర్లు దాటింది, పైగా పెరుగుతూ ఉంది. ఫిల్లోడిస్ అని ఇంకో రకం గడ్డ ఉంటుందట, చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది కానీ గబగబా పెరుగుతుంది, సూదితో లాగిన చిన్న ముక్కలో ఒక్కోసారి ఆ తేడా దొరకదు, మొత్తం తీసి ల్యాబ్‌లో చూస్తేనే కచ్చితంగా తెలుస్తుంది. సరే తియ్యండి అన్నాను.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. రాత్రి నుంచి ఏం తినలేదు, పొద్దున తీసుకెళ్ళారు, పూర్తి మత్తు ఇచ్చారు, కళ్ళు తెరిచేసరికి అయిపోయింది, గొంతులో గొట్టం వేసినందుకు రెండ్రోజులు మింగుతుంటే గరగరలాడింది. చనుమొన చుట్టూ ఉండే నల్ల భాగం అంచునే కోశారు, మచ్చ కనపడకూడదని. కుట్లు లోపలే, వాటంతటవే కరిగిపోయేవి. సాయంత్రానికి ఇంటికి పంపించేశారు.

నాకు తెలియని సినిమా ఒకటి బయట నడిచింది. మా ఆయన్ని థియేటర్ తలుపు దగ్గరికి పిలిచి ట్రేలో గడ్డ చూపించి "ఇదిగో సార్, తీశాం" అన్నారట. తెల్లగా, గట్టిగా, పెద్ద ఉసిరికాయంత ఉందట. దాన్ని పాడవకుండా ఫార్మలిన్ మందు పోసిన సీసాలో వేసి కాగితం ఒకటి చేతిలో పెట్టి ల్యాబ్‌లో ఇచ్చేసి రమ్మన్నారు. ఆయన దాన్ని కవర్‌లో పెట్టి బండి హ్యాండిల్‌కి తగిలించుకుని సూర్యారావుపేట ట్రాఫిక్‌లో పడి వెళ్ళాడు. "స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నిన్నే కుదుపుతున్నట్టు అనిపించిందే" అన్నాడు రాత్రి. పెళ్ళై తొమ్మిదేళ్ళయింది, ఆ మనిషి నోట్లోంచి వచ్చిన మంచి మాట అదొక్కటే అనుకుంటా.

ఇక అసలు విషయానికి వస్తే, డిశ్చార్జ్ కాగితంలో మందుల పేర్ల కింద "రివ్యూ ఆఫ్టర్ వన్ వీక్ / ఎస్‌ఓఎస్" అని ఉంది, అంతే. ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతే ముందే రండి అని. ఆ అవసరం ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ రాయరు. ఏది మామూలు, దేనికి పరిగెత్తాలి, ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. నాకు ఆ వివరం చెప్పింది ఒక సిస్టర్. కేరళ అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, నాకు నైటీ బటన్స్ పెడుతూ వచ్చీరాని తెలుగులో గబగబా చెప్పేసింది. డ్రెస్సింగ్ మీద రూపాయి బిళ్ళంత రక్తం మరక ఉంటే భయం లేదక్కా, అది పెరుగుతూ డ్రెస్సింగ్ తడిసిపోతే రండి. ఈ ఒకటి రెండు రోజుల్లో ఆ వైపు ఉన్నట్టుండి ఉబ్బి బిగుసుకుపోయి టాబ్లెట్ వేసినా నొప్పి ఆగకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, లోపల రక్తం చేరుతున్నట్టు. పిక్కలో ఒకవైపే వాపు నొప్పి వచ్చినా, ఊపిరి అందకపోయినా, కోసినచోట కాకుండా ఛాతీ లోపల నొప్పి వచ్చినా మాకు ఫోన్ కూడా చెయ్యొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి. నేను సగం మత్తులో ఉన్నా గానీ ఆ మాటలు మాత్రం మా ఆయన ఫోన్‌లో రికార్డ్ చేశాడు, ఎందుకు చేశావంటే ఏమో చెయ్యాలనిపించింది అన్నాడు.

మూడో రోజు డ్రెస్సింగ్ మార్చినప్పుడు అద్దంలో చూసుకుని గుండె ఆగినంత పనైంది. కోసింది పైన, కానీ రొమ్ము కింది సగమంతా వంకాయ రంగులో కమిలిపోయి ఉంది. ఇదేంటి ఇంత కిందకి పాకిందని ఏడుపొచ్చేసింది. తీరా తెలిసిందేంటంటే లోపల కారిన కాస్త రక్తం బరువుకి కిందకి దిగుతుందట, నీరు పల్లమెరిగినట్టే. అది నీలం నుంచి ఆకుపచ్చకి, తర్వాత పసుపుకి తిరిగి రెండు మూడు వారాల్లో పోయింది. మెత్తగా ఉండి రోజు రోజుకీ రంగు మారుతూ ఉంటే అది మానుతున్న కమిలిన మచ్చే.

డ్రెస్సింగ్ చుట్టూ దురద పెట్టి ఎర్రగా పొక్కులు కూడా వచ్చాయి, దానికీ భయపడ్డాను కానీ సరిగ్గా చూస్తే ఆ ఎరుపు చతురస్రంగా ఉంది, ప్లాస్టర్ ఎంత మేర అంటించారో అంత మేరే, స్కేలు పెట్టి గీసినట్టు. ఇన్ఫెక్షన్‌కి జామెట్రీ రాదు కదా. ప్లాస్టర్ మార్చాక తగ్గిపోయింది.

ఇంకోటి బ్రా. రెండు వారాలు పగలూ రాత్రీ, వైర్ లేనిది, ముందు హుక్కులుండేది, గట్టిగా పట్టి ఉంచేది వేసుకోమన్నారు. రొమ్ము అటూ ఇటూ ఊగితే లోపల పచ్చిగా ఉన్నచోట లాగుతుంది, నీరు చేరుతుంది, అందుకని. రాత్రిపూట అది వేసుకుంటే ఊపిరాడదు తీసెయ్యవే అని అమ్మ ఒకటే గొడవ. ఒక్క రాత్రి తీసి పడుకున్నాను, పక్కకి తిరిగినప్పుడల్లా ఎవరో పట్టుకుని లాగినట్టు ఉంది, అర్ధరాత్రి లేచి మళ్ళీ తగిలించుకున్నా. ఆటో ఎక్కినప్పుడు గుంటలొస్తే చేత్తో గట్టిగా అదిమి పట్టుకునేదాన్ని, కార్ సీట్ బెల్ట్‌కీ రొమ్ముకీ మధ్య మడత పెట్టిన టవల్ పెట్టుకుంటే చాలా హాయి.

పథ్యం సంగతి చెప్పకపోతే ఈ పోస్ట్ తెలుగువాళ్ళది కాదు. కంది పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ దురద, గోంగూర వద్దు, చింతపండు అసలొద్దు, గుడ్డు వేడి. మిగిలింది బీరకాయ, పాలు, వెల్లుల్లి కారం. మా సర్జన్ గారిని అడిగితే "అన్నీ తినమ్మా, పప్పు తింటే చీము పట్టదు, పప్పూ గుడ్డూ తినకపోతే పుండు ఆలస్యంగా మానుతుంది" అన్నారు. అది స్పీకర్‌లో పెట్టి అమ్మకి వినిపించినా అమ్మ ముఖం తిప్పుకుంది గానీ మూడో రోజు మధ్యాహ్నం కంచంలోకి ముద్దపప్పు వచ్చింది, ఏం మాట్లాడకుండా. ఎవరూ చెప్పని ఇంకో సంగతి మలబద్ధకం, నొప్పికిచ్చిన ట్రమడాల్ పుణ్యమా అని నాలుగు రోజులు నరకం, ఇసబ్గోల్ దేవుడు.

చెయ్యి కదపకూడదేమో అని నేను నాలుగు రోజులు కుడి చెయ్యి ఒంటికి అంటించుకునే తిరిగాను, దాంతో భుజం పట్టేసింది. బరువులెత్తొద్దన్నారు గానీ చెయ్యి ఎత్తొద్దనలేదట. తల దువ్వుకోవడం, గోడ మీద వేళ్ళతో మెల్లగా పైకి పాకించడం చెయ్యమన్నారు. నాలుగైదు కేజీలు మించి మాత్రం రెండు వారాలు ముట్టుకోవద్దు అంటే బిందె వద్దు, వాటర్ క్యాన్ వద్దు, మావాడు అమ్మా ఎత్తుకో అని చేతులు చాస్తే మోకాళ్ళ మీద కూర్చుని కౌగిలించుకోవాల్సిందే.

ఇప్పుడు ఆరో రోజు.

పొద్దున్నే కాస్త ఒళ్ళు వెచ్చగా అనిపించింది, పెద్దగా పట్టించుకోలేదు. మధ్యాహ్నానికి కుట్టు పక్కన ఎరుపు. ప్లాస్టర్ లేనిచోట. ముట్టుకుంటే వేడి. అప్పటిదాకా రోజురోజుకీ తగ్గుతూ వచ్చిన నొప్పి ఆరోజు మళ్ళీ మొదలై సలుపుతోంది, సన్నగా, గుండె కొట్టుకున్నట్టు టక్ టక్ మని. అమ్మ దిష్టి తీసింది, తర్వాత కాస్త పసుపు అద్దుదామా అంది, వద్దని అరిచాను పాపం. నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని ఏంటంటే బాల్‌పెన్ తీసుకుని ఆ ఎరుపు అంచు చుట్టూ గీత గీశాను, మ్యాథ్స్ టీచర్‌ని కదా కొలత లేకుండా దేన్నీ నమ్మను. రెండింటికి గీశాను. ఎనిమిదింటికి చూస్తే ఎరుపు గీత దాటి వేలెడు వెడల్పు బయటికొచ్చింది. థర్మామీటర్ 101 చూపించింది.

అప్పుడు కూడా ఫోన్ చెయ్యడానికి గంటసేపు తటపటాయించాను. దేనికి అంటే ఆ "చిన్న ఆపరేషనేగా" అనే మాటకి. అందరూ అన్నారు, స్కూల్లో హెచ్ఎం మేడమ్ అన్నారు, అత్తయ్య అన్నారు, ఆఖరికి నేనూ అనుకున్నా. ఇంత చిన్నదానికి రాత్రి తొమ్మిదింటికి డాక్టర్‌ని లేపితే ఏమనుకుంటారో అని. ఇంట్లో మా ఆయన పంటి నొప్పికి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ నాలుగు టాబ్లెట్లున్నాయి, ఒకటి వేసుకుని పొద్దున చూద్దాంలే అని స్ట్రిప్ చేతిలోకి కూడా తీసుకున్నా. మా ఆయన ఫోన్‌లో ఆ సిస్టర్ రికార్డింగ్ పెట్టాడు. చివర్లో ఆ అమ్మాయి ఇంకో మాట చెప్పింది, నేను మత్తులో వినలేదు. "నొప్పి రోజూ తగ్గాలి అక్కా. తగ్గి మళ్ళీ పెరిగితే, జ్వరం 100 దాటితే, చీము వాసన వస్తే, ఎరుపు పాకితే ఫోన్ చెయ్యండి, రాత్రైనా సరే, మేం మేలుకునే ఉంటాం, మాకు జీతం అందుకే."

వెళ్ళాం. డ్యూటీ డాక్టర్ ఆ పెన్ను గీత చూసి "ఎవరు గీశారు" అని అడిగి, నేనే అంటే "గుడ్" అన్నాడు, ఇరవై ఏళ్ళు పిల్లలకి గుడ్ పెట్టినా నాకెవరూ పెట్టలేదు అనిపించింది (ఇరవై కాదు పదకొండే లెండి). పొద్దున స్కాన్‌లో గడ్డ తీసిన ఖాళీలో నీరు చేరిందని తేలింది. సెరోమా అంటారు. నీరు చేరడం మామూలే, చాలాసార్లు ఒంట్లోనే ఇంకిపోతుంది, కదిపితే కుండలో నీళ్ళలా అనిపిస్తుందంతే. కానీ నాది ఇన్ఫెక్షన్ అయింది. సూదితో లాగితే మజ్జిగ తేటలా మబ్బుగా వచ్చింది, అందులో ఏ క్రిమి ఉందో చూడ్డానికి కల్చర్‌కి పంపారు, మందు మార్చారు. ఇంట్లో ఉన్న ఆ నాలుగు టాబ్లెట్లు వేసుకుని ఉంటే పనిచెయ్యకపోగా కల్చర్‌లో క్రిమి సరిగ్గా దొరక్క తికమక అయ్యేదట. రెండు రోజుల్లో ఎరుపు గీత లోపలికి వచ్చేసింది, మూడో వారానికి స్కూల్‌కి వెళ్ళాను, బోర్డు పైవరసలో రాయడం మాత్రం పిల్లలతో చేయించాను.

బయాప్సీ రిపోర్ట్ తొమ్మిదో రోజు వచ్చింది. ఆ జ్వరం గోలలో దాన్ని తెచ్చుకోవడమే మర్చిపోయాం చూడండి, గడ్డ తీసిందే దానికోసం. ఫైబ్రోఎడినోమా, ఎక్కడా క్యాన్సర్ లక్షణం లేదు. మధ్యలో హైపర్‌ప్లేసియా (కణాలు మామూలు కంటే ఎక్కువగా పెరగడం) అనే మాట చూసి గూగుల్ చేసి ఒక రాత్రి నిద్ర చెడగొట్టుకున్నా. అటిపియా, అంటే కణాల రూపులో తేడా, లేదు అని పక్కనే రాసి ఉంది, అది లేకపోతే భయం లేదు, ఉంటే మాత్రం జాగ్రత్తగా ఫాలోఅప్ చెయ్యాలి అని డాక్టర్ గారు వివరించాక గానీ అన్నం దిగలేదు. ఇప్పటికీ మచ్చ కింద గట్టిగా తాడులా తగులుతుంది, చనుమొన దగ్గర కాస్త మొద్దుబారినట్టు ఉంటుంది, అప్పుడప్పుడు చిన్న కరెంట్ షాక్‌లా చురుక్కుమంటుంది. ఇవన్నీ నెలల తరబడి ఉండొచ్చట. ఆ తాడు మెత్తబడుతూ రావాలి, దానికి దూరంగా కొత్తది ఏదైనా తగిలితే మచ్చలే అనుకోకుండా చూపించుకోవాలి.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా పిన్ని. పర్మిషన్ తీసుకునే రాస్తున్నా, ఊరి పేరు మాత్రం వద్దంది. పిన్నికి 52. నన్ను చూడ్డానికి కొబ్బరి బోండాలు పట్టుకుని వచ్చింది. అమ్మ స్నానానికి వెళ్ళగానే వంటింట్లో నా పక్కన నిలబడి "నీకు గడ్డ ఎలా తెలిసిందే" అంది. చెప్పాను. కాసేపు ఆగి "నాకు గడ్డ ఏం లేదులే, నొప్పి కూడా లేదు. ఒకవైపు చనుమొన లోపలికి పోయింది, సంక్రాంతి నుంచి" అంది. సంక్రాంతి అంటే అప్పటికి ఏడు నెలలు. నొప్పి లేదు కాబట్టి ఏం కాదనుకుందట.

నా గడ్డ కంటే ఆ మాటకి నాకు ఎక్కువ భయమేసింది. ఎందుకంటే ఆ నెల రోజుల్లో నేను చదివిన వాటిలో పదే పదే వచ్చింది ఇదే, నొప్పి ఉందా లేదా అనేది కొలబద్ద కాదు. రొమ్ము నొప్పి చాలావరకు నెలసరి హార్మోన్ల వల్లే, క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు. చూసుకోవాల్సింది మార్పు. ఎప్పుడూ లేనిది చనుమొన లోపలికి లాక్కుపోవడం, పిండకుండానే ఒకవైపు నుంచే రక్తం గానీ నీళ్ళలాంటి ద్రవం గానీ కారడం, చర్మం మీద సొట్ట పడటం, కమలాపండు తొక్కలా గుంటలు పడి మందంగా అవ్వడం, చనుమొన మీద గజ్జిలాగా వచ్చి ఆయింట్‌మెంట్‌కి తగ్గకపోవడం, చంకలో బిళ్ళ, వేలితో నొక్కినా జారకుండా రాయిలా అతుక్కున్న గడ్డ. ఇంకోటి, బాలింతలు కాని వాళ్ళకి రొమ్ము ఎర్రబడి వాచి, యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక కూడా తగ్గకపోతే అది ఇన్ఫెక్షనే అని కూర్చోకూడదు, అలా కనపడే క్యాన్సర్ ఒకటుంది. 2022లో మన దేశంలో కొత్తగా దాదాపు 1 లక్షా 92 వేల మంది ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ వచ్చిందని అంచనా. 30 నుంచి 65 ఏళ్ళ లోపు ప్రతి ఆడమనిషికీ ఐదేళ్ళకోసారి పరీక్ష చెయ్యాలని 2016 నుంచి కేంద్రం గైడ్‌లైన్స్ ఉన్నాయి. పిన్ని వాళ్ళింటికి ఏఎన్ఎం అమ్మాయి వచ్చి అడిగిందట కూడా, "మాకేం లేవమ్మా" అని పంపించేసిందట, మంచినీళ్ళిచ్చి మరీ.

బాబాయికి ఏం చెప్పాలి అన్నది పిన్ని మొదటి ప్రశ్న. నా చెకప్‌కి తోడు వస్తోందని చెప్పాం. మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) గది బయట చీటీ రాసే అమ్మాయి "ఏం కంప్లయింట్ అండీ" అంటే పిన్ని నావైపు చూసింది, నేను నోరు మెదపలేదు, కావాలనే. పిన్ని కాసేపు చీర కొంగు సర్దుకుని "ఇక్కడ" అని చెయ్యి పెట్టి చూపించింది. ఆ అమ్మాయి తల కూడా ఎత్తకుండా "రైటా లెఫ్టా" అంది. "ఎడమ" అంది పిన్ని.

మామోగ్రామ్ అయ్యాక స్కాన్ చేశారు, స్కాన్ అయ్యాక అదే రోజు బయాప్సీ కూడా చెయ్యాలన్నారు. టక్కుమని నాలుగుసార్లు వినపడింది బయటికి. బాబాయికి ఆ సాయంత్రమే నిజం చెప్పేశాం. ఫార్మలిన్ సీసా పట్టుకుని ల్యాబ్‌కి ఈసారి నేనే వెళ్ళాను, బండి హ్యాండిల్‌కి తగిలించకుండా ఆటోలో ఒళ్ళో పెట్టుకుని. రిపోర్ట్ సోమవారం ఇస్తామన్నారు.